రక్తనాళానికి మడవ కట్టే పూసలు

"గుండెకు పోయే నరం మూసుకుపోతే లక్షలు పోసి తెరిపించుకుంటారే, మరి నన్ను బాగున్న నరం మూయించుకోమంటారేంది అబ్బయా?"

నెల్లూరు జిల్లా విడవలూరు నుంచి మా చిన్నమ్మ ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు 43 ఏళ్లు. రెండేళ్లుగా నెలసరిలో విపరీతంగా రక్తం పోతోంది. హిమోగ్లోబిన్ 7కు పడిపోయింది. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) కనిపించాయి. మొదట చూపించుకున్న చోట, "పిల్లలు పుట్టేశారు కదా, సంచి తీయించేసుకుంటే పోతుంది" అన్నారు. తర్వాత చెన్నైలో చూసిన డాక్టరమ్మ ఇంకో దారి ఉందని చెప్పింది. సన్న గొట్టం ద్వారా చిన్న చిన్న పూసలు పంపి, గడ్డలకు వెళ్లే రక్తాన్ని ఆపేస్తారట. సంచి అలాగే ఉంటుందట. చిన్నమ్మకు అక్కడే టెన్షన్ పట్టుకుంది.

ఆమె అడిగిందాంట్లో న్యాయం ఉంది. స్టెంట్ అంటే మూసుకున్నదాన్ని తెరవడమని ఊళ్లో అందరికీ తెలుసు. తెరిచి ఉన్నదాన్ని కావాలని మూయడం కూడా వైద్యమేనంటే వింతగానే ఉంటుంది. ఈ పద్ధతిని ఎంబొలైజేషన్ అంటారు, ఆ పూసల్ని మైక్రోస్పియర్లు అంటారు. మనవాళ్లు రక్తనాళాన్నీ నరాన్నీ కలిపి 'నరం' అనేస్తారు గానీ, ఇక్కడ మూసేది గుండె నుంచి మంచి రక్తం తెచ్చే ధమని కొమ్మల్ని.

చిన్నమ్మకు నేను సేద్యం భాషలోనే చెప్పాను. పెన్నా మీద సోమశిల డ్యాంలో వదిలిన నీళ్లు సంగం, నెల్లూరు ఆనకట్టల దగ్గర కాలవల్లోకి మళ్లుతాయి. పెద్ద కాలవ, దాన్నుంచి పిల్ల కాలవ, చివరికి మన చేలోకి మడవ. ఒక్క మడిలో నీళ్లు ఆపాలంటే ఎవరైనా పెద్ద కాలవ తూము దించుతారా? దించితే ఆయకట్టంతా ఎండిపోతుంది. పార తీసుకుని ఆ మడి దగ్గరే నాలుగు మట్టిగడ్డలు వేసి మడవ కడతారు. ఒంట్లో రక్తం పారుదల కూడా ఇలాగే కొమ్మలు కొమ్మలుగా చీలిపోతుంది. గర్భసంచికి వెళ్లే ధమని మొదట్లో కొన్ని మిల్లీమీటర్ల లావు ఉంటుంది, చివరి కేశనాళికలు 5 నుంచి 10 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు, ఎర్ర రక్తకణం 7 లేదా 8.

చేలో మడవ ఎక్కడ కట్టాలో మనం నడిచి వెళ్లి చూసుకోవచ్చు. రక్తనాళంలో ఆ వీలు లేదు. గొట్టం కొంతవరకే వెళుతుంది, ఆ పైన పూసలు రక్తంతో పాటు కొట్టుకుపోవాల్సిందే. తమకంటే సన్నని దారి ఎదురైన చోట ఇరుక్కుని ఆగిపోతాయి. అంటే పూస ఎక్కడ ఆగాలో నిర్ణయించేది పూస సైజే. ఈ వైద్యంలో కిటుకంతా అందులోనే ఉంది. మరీ పెద్ద పూస వేస్తే పైకొమ్మలోనే ఆగిపోతుంది. అప్పుడు నీరు పక్క గట్టు తెంపుకున్నట్టు, రక్తం పక్క దారుల్లోంచి గడ్డకు చేరుతుంది. మరీ చిన్నది వేస్తే ఆరోగ్యంగా ఉన్న కండ లోపలికీ వెళ్లి దాన్నీ చంపుతుంది, లేదా ఆగాల్సిన చోట ఆగకుండా దాటిపోయి ఇంకో అవయవంలో తేలుతుంది.

మా చిన్నాన్నకు ఇది వెంటనే ఎక్కింది. ఆయనకు రొయ్యల చెరువు ఉంది. పిల్ల సైజును బట్టి ఒకటో నంబరు మేత, రెండో నంబరు మేత అంటూ గుళిక సైజు మారుస్తారు కదా, నంబరు తప్పితే మేత వృథా. పూసల సీసాల మీద కూడా అలాగే రాసి ఉంటుంది: 100-300, 300-500, 500-700, 700-900, 900-1200. అన్నీ మైక్రాన్లలోనే.

అసలు ఈ పని మొదట్లో ఇంత పద్ధతిగా లేదు. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ అనే వైద్యుడు సూది, తీగ, గొట్టం వరుసగా వాడి, కోత లేకుండా రక్తనాళంలోకి వెళ్లే పద్ధతి కనిపెట్టాడు. ఈనాటికీ అదే ఆధారం. లోపలికి వెళ్లడం తెలిశాక, రక్తం ఆగకుండా కారుతున్న చోట ఏదో ఒకటి అడ్డం వేయాలన్న ఆలోచన వచ్చింది. రోగి సొంత రక్తపు గడ్డనే వాడి చూశారు, కరిగే జెలటిన్ స్పాంజి ముక్కలు వాడారు. 1974-75లో అమెరికాలోని మినసోటా విశ్వవిద్యాలయం నుంచి పాలీవినైల్ ఆల్కహాల్, క్లుప్తంగా పీవీఏ, అనే పాలిమర్ స్పాంజిని వాడిన వ్యాసాలు వచ్చాయి. ఆ వ్యాసాల మొదటి రచయిత పేరు ఎస్. మూర్తి తాడవర్తి. ఆ పేరు చూసి నేను కాసేపు ఆగిపోయాను. మన వైపు వినే ఇంటిపేరే మరి.

పేరులో ఆల్కహాల్ ఉంది గానీ పీవీఏలో మత్తు లేదు. కళ్లు పొడిబారితే వేసుకునే కొన్ని చుక్కల మందుల్లో ఉండేది ఇదే. శరీరం దీనితో పెద్దగా గొడవ పడదు. ఇబ్బందల్లా ఆకారంతో వచ్చింది. స్పాంజిని కోరి, జల్లించి వాడేవాళ్లు. ఎంత జల్లించినా అవి ఇడ్లీ రవ్వలాగే ఉంటాయి, ఒకటి పొడుగు, ఒకటి పలక, ఒకదానికి మొన. రక్తంలో పడగానే ఒకదానికొకటి అంటుకుని ఉండ కట్టేవి. 300 మైక్రాన్ల ముక్కలు నాలుగు కలిస్తే, చేరాల్సిన చోటుకు చాలా ముందే ఆగిపోతాయి. ఒక్కోసారి గొట్టమే మూసుకుపోయేది. సీసా మీద ఉన్న నంబరుకూ ఒంట్లో ఆగే చోటుకూ పొంతన ఉండేది కాదు.

గుండ్రటి పూస వచ్చాక ఈ గొడవ చాలావరకు తగ్గింది. ఫ్రాన్స్‌లో అభివృద్ధి చేసిన, ట్రైసాక్రిల్ అనే పాలిమర్‌లో జెలటిన్ కలిపిన పూసలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2000లో అనుమతి ఇచ్చింది, 2002లో గర్భసంచి గడ్డల కోసం ప్రత్యేకంగా ఇచ్చింది. రవ్వ, సగ్గుబియ్యం పక్కపక్కన పెట్టి చూడండి. ఉడికిన సగ్గుబియ్యం గింజ గుండ్రంగా, నున్నగా, నీళ్లు పీల్చుకుని మెత్తగా ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే అణుగుతుంది, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. ఈ పూసలు దాదాపు అలాంటివే. తమకంటే సన్నని గొట్టంలోంచి కూడా అణిగి దూరిపోతాయి, బయటికి రాగానే మళ్లీ గుండ్రమవుతాయి. తయారీ కూడా వంటింటి పనిలానే ఉంటుంది. పాలిమర్‌కు కావలసిన ముడిపదార్థం కలిపిన నీటిని నూనెలాంటి ద్రవంలో వేసి గిర్రున తిప్పుతారు. నీరు సన్నటి బొట్లుగా విడిపోతుంది. ప్రతి బొట్టూ ఉన్నచోటే గట్టిపడి పూస అవుతుంది. తర్వాత కడిగి, జల్లెళ్లలో పోసి సైజుల వారీగా వేరుచేస్తారు.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసే మాట ఒకటుంది. 'ఒంటికి పడే పదార్థం' అంటే 'ఒంట్లో కరిగిపోయే పదార్థం' అనుకుంటారు. రెండూ ఒకటి కాదు. ఒంటికి పడటం అంటే విషం కాకపోవడం, తీవ్రమైన వాపు తేకపోవడం, శరీరం దానితో సర్దుకుని ఉండగలగడం. ట్రైసాక్రిల్ పూసలు, పీవీఏ పూసలు కరగవు. జీవితాంతం అక్కడే ఉంటాయి. ట్రైసాక్రిల్ పూసలో జెలటిన్ కూడా ఉండటం వల్ల చుట్టూ కణాలు దాన్ని అంటుకుని నాళం గోడలో కలిపేసుకుంటాయి. ఆ జెలటిన్ జంతువుల నుంచి తీసిందే, కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లు, అలాంటివి వద్దనుకునే నియమం ఉన్నవాళ్లు ముందే అడగాలి. కరిగిపోవాలనుకుంటే వేరే సరుకు ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగనప్పుడు వాడేది చాలాసార్లు జెలటిన్ స్పాంజి. కొన్ని వారాల్లో అది కరిగి నాళం మళ్లీ తెరుచుకుంటుంది. గండం గడవడం వరకే దానితో పని.

ఇంకో మెలిక ఉంది. ఒకే నంబరు ఉన్నా పదార్థం మారితే ఆగే చోటు మారుతుంది. మరీ మెత్తటి పూస అణిగి ఇంకా లోపలికి జారుతుంది. గర్భసంచి గడ్డలకు కొన్ని రకాల గుండ్రటి పీవీఏ పూసల్ని ట్రైసాక్రిల్ పూసలతో పోల్చి చూసినప్పుడు, పీవీఏ పూసలు వేసినవాళ్లలో గడ్డలు పూర్తిగా చావకపోవడం ఎక్కువగా కనిపించింది. గుండ్రంగా ఉంటే చాలు అనుకున్నవాళ్లకు అది గట్టి పాఠం.

ఇప్పుడు చిన్నమ్మ సంగతి. గర్భసంచి గడ్డకు రక్తం ఆపితే సంచి మాత్రం ఎందుకు చావదు? గడ్డ చుట్టూ అల్లుకున్న నాళాలు మామూలు కండలోని నాళాలకంటే లావుగా, రక్తాన్ని ఎక్కువగా లాగేలా ఉంటాయి. పారుదల ఎటు ఎక్కువో పూసలూ అటే పోతాయి. సంచి కండకు మాత్రం అండాశయం వైపు నుంచీ, చుట్టుపక్కల నుంచీ వేరే దారులున్నాయి, అది కోలుకుంటుంది. గడ్డకు అలాంటి దిక్కు లేదు. ఎండిపోయి, ఆరు నెలల్లో సుమారు సగానికి కుంచించుకుపోతుంది. ఆ అండాశయం దారే ప్రమాదం కూడా. గర్భసంచి ధమనికీ అండాశయానికీ మధ్య ఉండే లింకులు సాధారణంగా 500 మైక్రాన్లకు మించవు. అందుకే ట్రైసాక్రిల్ పూసల్లో 500-700 లేదా ఆపై సైజు ఎంచుకుంటారు. చిన్నవి వేస్తే అండాశయం దెబ్బతిని నెలసరి ఆగిపోవచ్చు. 45 దాటినవాళ్లలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ.

దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. పారిస్‌లో జాక్ రవీనా అనే వైద్యుడు, గడ్డల ఆపరేషన్‌లో రక్తం తక్కువ పోవాలని ముందుగా నాళాలు మూయించేవాడు. అలా మూయించుకున్నవాళ్లలో కొందరు, బాధ తగ్గిపోయింది, ఇక ఆపరేషన్ ఎందుకని వెనక్కి తగ్గారు. 16 మంది అనుభవాన్ని ఆయన బృందం 1995లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. ముందు చేసే చిన్న పనే అసలు వైద్యమై కూర్చుంది.

చేసేటప్పుడు గజ్జల్లో గానీ మణికట్టు దగ్గర గానీ తిమ్మిరి మందు ఇచ్చి సూది గుచ్చుతారు. అందులోంచి గొట్టం, దాని లోపలినుంచి మిల్లీమీటరు లోపు లావుండే ఇంకో సన్న గొట్టం. ఎక్స్‌రే తెరపై కనపడేందుకు అయోడిన్ ఉన్న డై పంపుతారు. పూసల్లో చాలా రకాలు ఎక్స్‌రేలో కనపడవు, కనిపించేది వాటితో కలిపిన డై మాత్రమే. ఆ డై నిదానించి, కొన్ని గుండె చప్పుళ్ల దాకా కదలకుండా నిలిచిపోతే మడవ పడినట్టు. తొందరపడి తోస్తే పూసలు వెనక్కి పొంగి వేరే కొమ్మలోకి పోతాయి, ఒకసారి వదిలిన పూసను వెనక్కి తీసే మార్గం లేదు. కనిగిరి, పామూరు వైపు వాళ్లు ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. ఆ ప్రాంతపు నీళ్లు, కిడ్నీల సమస్యలు అందరికీ తెలిసినవే. డై భారం కిడ్నీల మీద పడుతుంది కాబట్టి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పనిసరి.

కోత లేదు కదా అని నొప్పి లేదనుకోవద్దు. రక్తం అందని గడ్డ మొదటి రోజంతా గట్టిగా నొప్పి పెడుతుంది. జ్వరం, వికారం కూడా రావచ్చు. మందులతో తగ్గిస్తారు. చాలామంది ఒకటి రెండు వారాల్లో పనుల్లో పడతారు, కడుపు కోసి సంచి తీస్తే ఆరు వారాలు పడుతుంది. మళ్లీ రాదా అంటే, వచ్చే అవకాశం ఉంది. నెదర్లాండ్స్‌లో ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి, రోగుల్ని పదేళ్లపాటు గమనించారు. పూసల వైద్యం చేయించుకున్నవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి గర్భసంచి తీయించుకునే అవసరం రాలేదు. మిగతావాళ్లు చివరికి తీయించుకున్నారు. నా దృష్టిలో ఇది మంచి ఫలితమే, కానీ 'శాశ్వత పరిష్కారం' అని బోర్డు రాసుకునేంత కాదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లకు మామూలుగా దీన్ని మొదట సూచించరు, గడ్డను మాత్రమే కోసి తీసే ఆపరేషన్ వైపు మొగ్గుతారు. గడ్డలో క్యాన్సర్ అనుమానం ఉన్నా ఇది పనికిరాదు.

అయినా ఈ దారి గురించి మన ఊళ్లలో మాట్లాడాల్సిన అవసరం ఎక్కువే ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అప్పటికి దేశంలో అదే అందరికంటే ఎక్కువ. అందులో నిజంగా తీయాల్సినవీ ఉంటాయి. కానీ "ఎట్లాగూ పనిలేని సంచి" అన్న మాట మన ఇళ్లల్లో ఎంత తేలిగ్గా వస్తుందో నాకు తెలుసు. మా అమ్మే అన్నది, చిన్నమ్మ గురించి.

ఇదే పూసల పద్ధతి ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఇంకో జబ్బుకు ప్రాణం నిలిపే అవకాశం. మార్కాపురం పలకల క్వారీలు, చీమకుర్తి గ్రానైట్ పనులు తెలియనివాళ్లు లేరు. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తేలిగ్గా పట్టుకుంటుంది. టీబీ నయమైనా లోపల గుంతలు, మచ్చలు మిగులుతాయి. ఏళ్ల తర్వాత ఒకరోజు దగ్గుతో గ్లాసుడు రక్తం పడుతుంది. అప్పుడు మనిషి చనిపోయేది రక్తం పోయి కాదు, ఆ రక్తం శ్వాసనాళాల్లో నిండి ఊపిరాడక.

ఊపిరితిత్తులకు రెండు రక్తమార్గాలు ఉన్నాయి. ఎక్కువ రక్తం తెచ్చేది తక్కువ ఒత్తిడితో పారే పెద్ద దారి. బ్రాంకియల్ ధమనులది గుండె ప్రధాన నాళం నుంచి నేరుగా వచ్చే అధిక ఒత్తిడి దారి. తీవ్రంగా రక్తం పడే కేసుల్లో సుమారు 90 శాతం ఈ రెండోదాని పనే. దాన్ని మూసేస్తే రక్తం ఆగుతుంది, ఊపిరితిత్తి మాత్రం మొదటి దారితో బతుకుతుంది. సైజు మళ్లీ ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది. జబ్బు పడిన ఊపిరితిత్తిలో ఈ రెండు మార్గాల మధ్య సుమారు 325 మైక్రాన్ల దాకా లింకులు ఉండొచ్చు. అంతకంటే చిన్న పూసలు వాటిల్లోంచి జారి, గుండె ఎడమవైపు చేరి, అక్కడినుంచి మెదడుకు వెళితే పక్షవాతమే. పైగా వెన్నుపాముకు వెళ్లే సన్నని నాళం ఒక్కోసారి ఈ ధమనిలోంచే చీలుతుంది. అది కనిపిస్తే డాక్టరు గొట్టాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాలి, లేదా ఆపేయాలి. రక్తం ఆగినా లోపలి జబ్బు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ పడొచ్చు, టీబీ మందులు మానకూడదు.

కాలేయ క్యాన్సర్‌లో ఈ పూసలు బరువు మోసే పని కూడా చేస్తాయి. కాలేయానికి మూడు వంతుల రక్తం పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా అందుతుంది, ఒక వంతు ధమని ద్వారా. కణితి మాత్రం దాదాపు అంతా ధమని మీదే బతుకుతుంది. కాబట్టి ధమని కొమ్మలో మడవ కడితే కణితి ఎండుతుంది, కాలేయం నిలుస్తుంది. కొన్ని పీవీఏ పూసలకు రుణావేశం ఉన్న రసాయన గుంపులు తగిలిస్తారు. డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి క్యాన్సర్ మందు ధనావేశంతో ఉంటుంది. రెండూ కలిపితే పూసలు మందును లాక్కుని ఎర్రబడతాయి, చుట్టూ ద్రవం తేటపడుతుంది. బీట్‌రూట్ నీళ్లలో నానిన సగ్గుబియ్యం గుర్తొస్తుంది. కణితి దగ్గర అవి ఆ మందును నెమ్మదిగా వదులుతాయి. మందును నూనెలాంటి ద్రవంలో కలిపి పంపే పాత పద్ధతికంటే దీంతో జీవితకాలం స్పష్టంగా పెరుగుతుందని పరీక్షల్లో తేలలేదు, మందు దుష్ప్రభావాలు మాత్రం తగ్గాయి. ఇట్రియం-90 అనే రేడియోధార్మిక పదార్థం నింపిన పూసలూ ఉన్నాయి, 20 నుంచి 60 మైక్రాన్లవి. వాటి ఉద్దేశం మూయడం కాదు, కణితి లోపల కూర్చుని రేడియేషన్ ఇవ్వడం.

పెద్దవయసు మగవాళ్లలో ప్రోస్టేట్ వాపుకు కూడా ఇది వచ్చింది. మోకాళ్ల నొప్పులకు కూడా చేస్తామంటున్నారు. ఆ రెండోదాంట్లో ఆధారాలు ఇంకా పోగుపడే దశలోనే ఉన్నాయి, నేనైతే ఫోన్‌లో వచ్చిన ప్రకటన చూసి పరిగెత్తను.

దీన్ని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. స్టెంట్ వేసే గుండె డాక్టరు వేరు, ఈయన వేరు, ఇద్దరూ వాడేది మాత్రం ఒకేలాంటి క్యాథ్ ల్యాబే, అంటే ఎక్స్‌రే తెర ఉండే గది. వెళ్లినప్పుడు సంకోచించకుండా అడగండి: ఏ పదార్థం పూస, ఏ నంబరు, ఎందుకు ఆ నంబరు, ఇలాంటివి మీరు ఎన్ని చేశారు. వైద్యసేవ కార్డు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రతో మాట్లాడాకే తేదీ వేయించుకోవడం మేలు, చేరాక డబ్బుల గొడవ పడకుండా. ఎంఆర్ఐ అడిగితే ఖర్చని తప్పించుకోవద్దు. గడ్డలు ఎన్ని, ఎంత ఉన్నాయన్నదానికంటే ఎక్కడ ఉన్నాయన్నదే దారిని తేలుస్తుంది.

మా చిన్నమ్మ విషయంలో జరిగింది అదే. ఎంఆర్ఐలో చూస్తే, రక్తం పోవడానికి కారణమైన గడ్డ ఎక్కువ భాగం సంచి లోపలి ఖాళీలోకి పొడుచుకొచ్చి ఉంది. అలాంటిదానికి రక్తం ఆపితే అది చచ్చి లోపలే ఊడిపడి, చీము పట్టే అవకాశం ఉంది. దానికంటే కింది నుంచి సన్న కెమెరా పెట్టి గీసి తీసేయడమే సులువని డాక్టరమ్మ చెప్పింది. అలాగే తీశారు, మర్నాడు ఇంటికి పంపారు. ఐరన్ మాత్రలు నాలుగు నెలలు వాడాక హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. కండలో ఉన్న మిగతా రెండు చిన్న గడ్డల్ని కదిలించలేదు, ఆరు నెలలకోసారి నెల్లూరు వెళ్లి స్కానింగ్ చేయించుకుంటోంది.